మడ్గార్డు మీద అమ్మ

అన్న పోయి ఏడాదయింది. సంవత్సరీకానికి రాచర్ల అవతలి మా ఊరికి వెళ్ళాను. భోజనాలయ్యాక చేతులు కడుక్కుందామని పెరట్లోకి పోతే, బట్టలుతికే చోట ఆ సిమెంటు బిళ్ళ కనిపించింది. తిరగలి కంటే పెద్దది, జానెడుకు కాస్త తక్కువ మందం, మధ్యలో చిన్న కుండ పట్టేంత బొక్క, దాని చుట్టూ వేలు దూరేటట్టు నాలుగు బొక్కలు. మా మేనల్లుడి భార్య దాని మీద దుప్పటి పరిచి సబ్బు రుద్దుతోంది. పాతకాలం తిరగలి అంట గదమ్మా ఇది అంది. తిరగలి కాదు, మీ ఆయన వాళ్ళ జేజి, మా అమ్మ బరువు అన్నాను. ముసల్ది పరాచికాలాడుతోందనుకుని ఆ పిల్ల నవ్వింది. నాకు చుర్రుమంది. దుప్పటి లాగి పక్కన పడేశాను. బిత్తరపోయి నా మొహం చూసింది. తర్వాత నేనే సిగ్గుపడి, ఆ దుప్పటి నేనే ఉతికి ఆరేసి ఇచ్చాను. ఎవరైనా చెబితే కదా ఆమెకు తెలిసేది. మా అన్న చెప్పే మనిషి కాదు. ఆయన పోయాక ఇంక మిగిలింది నేనే కాబట్టి నేను చెబుతున్నాను.

మా నాయనకు కోపం వచ్చేది అంటే తప్పు. పొద్దున లేచి మొహం కడుక్కున్నప్పటి నుంచి అది ఆయనలో ఉండేది. ఎవరి మీద పడుతుందన్నదే మాకు తెలిసేది కాదు. పొగాకు, ఆముదం, పశువుల చెమట కలిసిన వాసన వచ్చేది ఆయన దగ్గర. ఆ వాసన గడప దాటి లోపలికి రాగానే అమ్మ పొయ్యి ముందు కూర్చునే తీరు మారిపోయేది, వీపు గోడకు ఆనించి కూర్చునేది. సంగటి గట్టిపడితే చెయ్యి లేచేది, పలచబడితే చెయ్యి లేచేది. అన్నీ సరిగ్గా కుదిరిన రోజున, ఇన్నాళ్ళూ ఇట్ల ఎందుకు చేయలేదని కొట్టడం నా కళ్ళతో చూశాను. ఊళ్ళో మిగతా ఇళ్ళలో దెబ్బలు లేవని నేను అనను, ఉండేవి. కానీ పక్కింటివాళ్ళు తమ పిల్లలను బెదిరించడానికి మా నాయన పేరు చెప్పేవాళ్ళు. అమ్మ సన్నగా, పొడుగ్గా ఉండేది. దెబ్బ తగిలిన చోట పసుపూ సున్నమూ కలిపి పట్టు వేసుకుని పనిలోకి పోయేది. ఇప్పటికీ ఎక్కడైనా పసుపులో సున్నం కలిపిన వాసన వస్తే అక్కడి నుంచి లేచి పోతాను. పెళ్ళిళ్ళలో పారాణి పళ్ళెం దగ్గరికి నేను రాకపోతే ముభావం మనిషి అనుకుంటారు. అనుకోనీ.

అప్పటికి మా తాలూకాలను కర్నూలు నుంచి తీసి ఒంగోలుతో కలిపి కొత్త జిల్లా చేశారు. కాగితాల మీద జిల్లా మారింది కానీ మా చేను అదే చేను. నల్లమల వైపు ఎత్తుగా పోయే ఎర్రనేల, కింద గరుసు. వాన పడితే పైపొర జిగటగా మారి పాదం జారేది. ఆ తడి విత్తనానికి పనికొచ్చేది రెండు మూడు రోజులే. దాన్నే పదును అంటాం. పదును పోతే ఆ ఏటికి కందీ లేదు, ఆముదమూ లేదు. ఉన్న నాలుగు ఎడ్లనూ అమ్మేసి నాయన దర్శి వైపు ఎవరో ఆసామి వాడి వదిలేసిన చిన్న ట్రాక్టరు తెచ్చాడు. దాన్ని చూడ్డానికి ఊరంతా వచ్చింది. ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. ఎడ్లు పోయినా ఎడ్లను అదిలించే చర్నాకోల మాత్రం పోలేదు, ఆ ట్రాక్టరు స్టీరింగుకే వేలాడదీసుకున్నాడు. ఇంజను చర్నాకోలకు లొంగేది కాదు కాబట్టి అది ఎవరికి పనికొచ్చేదో వేరే చెప్పక్కర్లేదు.

తొలకరి పడ్డాక ట్రాక్టరుకు దున్నే మడకలు తగిలించి చేలోకి దించితే, ఎత్తు ఎక్కే చోట వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. బండి తేలిక, నేల జిగట. చక్రం ఎంత తిరిగితే అంత గుంట పడింది కానీ ముందుకు పోలేదు. చూస్తున్న కూలీలు నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వారు. అది ఆయన చూశాడు. అక్కడి నుంచి మా కష్టం మొదలైంది. ఎడ్ల కాలంలో, కలుపు కోసి నేలను గుల్ల చేసే గుంటక నేలలోకి దిగాలంటే దాని మీద మనిషి నిలబడాలి. మా వైపు అది ఆడవాళ్ళ పని. పిల్లను చూసుకోవడానికి వచ్చినవాళ్ళు వంట వచ్చా అని అడగకపోయినా గుంటక మీద నిలబడుతుందా అని అడిగేవాళ్ళు. నాయన ముందు గోనెసంచిలో రాళ్ళు నింపి చక్రాల పైన ఉండే మడ్గార్డు మీద కట్టాడు. నాలుగు కుదుపులకు సంచి పిగిలి రాళ్ళు దొర్లాయి, ఒకటి ఆయన ముచ్చటపడి వేయించుకున్న లైటును పగలగొట్టింది. అప్పుడు ఆయనకు గుంటక గుర్తొచ్చింది.

"రాయయితే జారి పడుద్ది. మనిషయితే పట్టుకోని కూచుంటాది" అన్నాడు.

ఎడమ మడ్గార్డు మీద అమ్మ, కుడి మడ్గార్డు మీద నేను. పదో తరగతి అయిపోయి ఇంట్లో ఉన్నాను నేను. అది కూర్చోవడానికి చేసింది కాదు. వంపు తిరిగిన రేకు, ఎండకు పెనంలా కాలేది. కింద జానెడు దూరంలో చక్రం పళ్ళు బురద ఎగజిమ్ముతూ తిరిగేవి. పట్టుకోవడానికి లైటు తగిలించే కమ్మీ ఒక్కటే. బండి ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచేవి, మేము వెనక్కి ఒరిగేవాళ్ళం, దిగేటప్పుడు ముందుకు. అమ్మ కొంగును నడుముకు రెండు చుట్లు చుట్టి దోపుకునేది, నా పావడా అంచు కూడా తనే బిగించేది. మొదటి రోజు సాయంత్రానికి ఇద్దరి అరచేతులూ బొబ్బలెక్కాయి. చేతులు చూపిస్తే నాయన, గుంటక మీద నిలబడి మీ జేజి ఏడుగురిని కన్నది అన్నాడు. దానికీ దీనికీ సంబంధమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

మూడో రోజు అమ్మ పడింది. ఎత్తు మీద బండి ఎగిరి, కమ్మీ నుంచి ఆమె చెయ్యి జారడం నాకు అవతలి వైపు నుంచి కనిపించింది. అమ్మా అని అరిచాను. ఇంజను చప్పుడులో నా అరుపు నాకే వినపడలేదు. చక్రం ఆమె చీరను పట్టుకుంది. ముందు కొంగు పోయింది, తర్వాత చెయ్యి చక్రానికీ మడ్గార్డుకూ మధ్యకు పోయింది. చీర పాతది కాబట్టి చిరిగింది. కొత్తదయితే మనిషి మొత్తం పోయేది. నాయన ఎందుకు వెనక్కి చూశాడో కానీ చూసి ఆపాడు. అమ్మ బురదలో కూర్చుని ముంజేతిని రెండో చేత్తో పట్టుకుని ఉంది, ఎముక ఉండాల్సిన దిక్కున లేదు. నాయన దిగి, స్టీరింగుకున్న చర్నాకోల తీసి, పట్టుకోని కూచోమంటే ఏడ చూస్తున్నావే అని ఆమె వీపు మీద నాలుగు కొట్టాడు. అప్పుడు కూలీలు నవ్వలేదు, కానీ ఒక్కరూ అడ్డమూ రాలేదు. ఎముకలు కట్టే అతను గుడ్డుసొనా వెదురుదబ్బలూ పెట్టి కట్టు కట్టి, నలభై రోజులు కదపొద్దన్నాడు. పన్నెండో రోజున మళ్ళీ వాన పడింది. అమ్మ కట్టు కట్టిన చేతిని మెడకు వేలాడదీసుకుని, మంచి చేత్తో కమ్మీ పట్టుకుని మళ్ళీ మడ్గార్డు ఎక్కింది.

మా అన్న తిరుపాలు నాకంటే మూడేళ్ళు పెద్ద. నెమ్మదైన మనిషి, ఒక మాట అడిగితే కాసేపాగి జవాబు చెప్పేవాడు, ఆ ఆగడానికి కూడా దెబ్బలు తినేవాడు. ఆ సాయంత్రం నూతి గట్టు దగ్గర నాతో అన్నాడు, ఈ వానాకాలం దాటేలోపల అమ్మ చక్రం కింద పోతుంది అని. నాకూ ఆ లెక్కే కనపడుతోంది. ఆయనను మార్చలేం, నేలను మార్చలేం, బండినే బరువు చెయ్యాలన్నాడు అన్న. పెద్ద ట్రాక్టర్లకు వెనక చక్రాల లోపల ఇనుప బిళ్ళలు బిగిస్తారనీ, గిద్దలూరులో చూశాననీ, అట్లాంటివి సిమెంటుతో మనమే పోసుకోవచ్చనీ చెప్పాడు. డీజిలు డ్రమ్మును అడ్డంగా కోస్తే వచ్చే కడియాలు అచ్చులుగా పనికొస్తాయి, డ్రమ్ము మా చక్రం గుంటలో సరిగ్గా పడుతుంది. నాయనతో చెబితే, ఎగతాళిగా, చేసుకోండి చూద్దాం అన్నాడు.

అక్కడ మేము ఒక తెలివితక్కువ పని చేశాం. ఆ తప్పు మా వైపు మనుషులే చేస్తారు. మార్కాపురం చుట్టుపక్కల పలకల గనుల దగ్గర పనికిరాని పలకరాళ్ళు గుట్టలు గుట్టలుగా పడి ఉంటాయి, ఎవరైనా బండి కట్టుకుని పోయి తెచ్చుకోవచ్చు. మా గోడల్లో అవే, మా దొడ్డిలో పరిచినవీ అవే, మేము అక్షరాలు దిద్దిందీ వాటి మీదే. బరువుకు రాళ్ళు కావాలంటే మాకు వేరే రాయి తోచలేదు. ఊళ్ళో ఒకరి ఎద్దులబండి అడిగి బండెడు తెచ్చి, ముక్కలు కొట్టి, సిమెంటులో కలిపి రెండు బిళ్ళలు పోశాం. పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది, నున్నగా ఉంటుంది, దాన్ని సిమెంటు పట్టుకోదు. అది మాకు చేలో తెలిసింది. రెండో సాలులో కుడి చక్రంలోని బిళ్ళ పగిలింది. నాయన నమ్మకం లేక మమ్మల్ని మడ్గార్డుల మీదే కూర్చోబెట్టాడు కాబట్టి, తిరిగే చక్రం విసిరిన ముక్క ఎగిరి నా కనుబొమ మీద తగిలింది. రక్తం కంట్లోకి కారి ఆ కంటితో కాసేపు ఏమీ కనపడలేదు. కనపడిన కంటితో నేను చూసిందేమిటంటే, నాయన అన్నను చెట్టుకేసి నెట్టి చర్నాకోలతో కొట్టడం. చొక్కా వీపుకు అంటుకుపోయేదాకా కొట్టాడు. తర్వాత సమ్మెట తెచ్చి పగలని బిళ్ళను కూడా పగలగొట్టాడు. ఒక్కో దెబ్బకూ అన్న వైపు చూస్తూ కొట్టాడు. ఊళ్ళో బేల్దారి మేస్త్రీ ఆ ముక్కలు చూసి తల పట్టుకున్నాడు. పలక మీద రాసుకోవాలి గానీ బరువులు పోస్తార్రా ఎవరైనా అని తిట్టి, గుండ్లకమ్మ ఏట్లో గుండ్రటి గులకరాళ్ళు తెచ్చుకోమని చెప్పాడు, ఇనుము కలిస్తే ఇంకా మంచిదన్నాడు.

రెండోసారి నాయనకు చెప్పలేదు. దాయాదులతో పొలం తగాదాలో కోర్టు వాయిదా ఉండి ఆయన మార్కాపురం వెళ్ళి నాలుగు రోజులు ఉండాల్సి వచ్చింది. పోయిన రోజే అన్న, అమ్మ, నేను కందులు అమ్మే సాకుతో రాచర్లలో శెట్టి దుకాణానికి పోయాం. బరువు ఎంత ఉండాలో తెలియకుండా పోస్తే మళ్ళీ తప్పవుతుందని అన్న ఆలోచన. బస్తాలు తూచే కాటా మీద అమ్మను ఎక్కమన్నాడు. శెట్టి కళ్ళజోడు పైకి తోసి, ఏందబ్బీ, మీ అమ్మను గూడా అమ్ముతావా ఏంది అన్నాడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మా అమ్మ పళ్ళు కనపడేలా నవ్వడం నేను చూసింది చాలా తక్కువ, అందుకే ఆ దుకాణం, బెల్లం మీద ముసిరే ఈగలు, గోనెల దుమ్ము అన్నీ నాకు అట్లాగే గుర్తున్నాయి. శెట్టి గుండ్లు ఒక్కొక్కటీ పెట్టాడు. నలభై ఒక్క కిలోలు. అమ్మ నవ్వు ఆపి కాటా వైపు చూసింది.

"ఇంతేనా నేను?" అంది.

శెట్టి ఇంకోసారి తూచాడు పాపం. అంతే. తిండికి చేటు, నేలకు బరువు అని నాయన రోజూ తిట్టే తిట్లు విని ఆమె తన బరువు గురించి ఏమనుకుని ఉందో నాకు తెలియదు.  ఒక్కో బిళ్ళ అమ్మకు రెండింతలు ఉండాలని అన్న తేల్చాడు.

గుండ్లకమ్మలో గులకరాళ్ళు నేను ఏరాను, అన్న మోశాడు. ఎడ్ల కాలం నాటి ఇనుమంతా అటక మీద నుంచి దించాం. అరిగిపోయిన మడక కర్రులు, తెగిన గొలుసులు, ఎడ్ల గిట్టలకు కొట్టిన లాడాలు అన్నీ. అమ్మ విరిగిన గునపం ముక్క తెచ్చి వేసింది. మధ్యలో బొక్క కోసం రెండు పాత చిట్టికుండలను బోర్లించి, బోల్టుల కోసం కందికట్టెలకు ఆముదం పూసి నిలబెట్టి, చుట్టూ కలిపిన సిమెంటు పోశాం. అమ్మ అట్లకాడతో పైన చదును చేసింది. ఒక చేతికి కట్టు ఇంకా విప్పలేదు, ఒంటి చేత్తోనే అటూ ఇటూ రుద్దింది, దోసె పోసినంత ఓపికగా. గడ్డివామి వెనక పెట్టి తడిగోనెలు కప్పాం. ఎడ్లు పోయాక నాయన గడ్డివామి వైపు పోయేవాడు కాదు. ఆయన తిరిగొచ్చాక కూడా పద్దెనిమిది రోజులు ఆ గోనెల మీద రోజూ నీళ్ళు పోశాను. పేడ ఎత్తడానికన్నట్టు బుట్ట పట్టుకుపోయి పోసేదాన్ని. ఎత్తడానికి ఇంట్లో పశువే లేదన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఈలోపల వాన పడలేదు, అది మా అదృష్టం. కుండలు పగలగొట్టి, కట్టెలు లాగేసి సుత్తితో కొట్టి చూశాం. గంట మోగినట్టు ఖంగుమంది.

వాన పడిన మర్నాడు తెల్లవారుజామున, ఆయన చెంబు తీసుకుని బయటికి పోయినప్పుడు, ఆ బిళ్ళలను దొర్లించుకొచ్చి చెక్క మీద ఎత్తి చక్రాల్లో బిగించాం. వచ్చి చూశాడు. చుట్టూ తిరిగాడు, కాలితో తన్నాడు.  అన్న ముందుకొచ్చి, ఈసారి పలకరాళ్ళు కావు నాయనా, ఏటి రాళ్ళు, ఇనుము, చేలో చూడు అన్నాడు. నాయన ఒక్కడే బండి ఎక్కి పోనిచ్చాడు. మేము వెనక నడిచాం.

మొదటి సాలు ఎత్తు దగ్గరికి వచ్చినప్పుడు అమ్మ నా భుజం పట్టుకుంది. చక్రం ఒక్కసారి ఆగినట్టయి, నేలను పట్టుకుని, బండి ఎత్తంతా ఎక్కి ఆ చివరకు పోయింది. జారలేదు. రెండోది, మూడోది, నాలుగోది. వెనక మడకలు ఎర్రమట్టిని తిరగేసుకుంటూ పోతుంటే నాకు ఏడుపొచ్చింది. కూలీలు, తిరుపాలు గట్టోడప్పా అని అన్నారు. మడ్గార్డులు రెండూ ఖాళీగా ఉన్నాయి. ఇంక అయిపోయింది, అమ్మ బతికింది అనుకున్నాను. ఐదో సాలు తిప్పి నాయన మా ముందు బండి ఆపాడు. ఇంజను ఆపలేదు.

"ఎక్కు" అన్నాడు అమ్మతో.

జారలేదు గదా నాయనా, ఇంక ఎందుకు అన్నాడు అన్న. నాయన దిగి, పనిముట్ల పెట్టెలోంచి జాకీ తిప్పే ఇనుపరాడ్డు తీసి అన్న భుజం మీద కొట్టాడు. భుజం ఎముక విరిగిన చప్పుడు ఇంజను మోతలో కూడా వినపడింది. అన్న అరవలేదు, కాళ్ళ కింద తాడు లాగినట్టు కూలబడ్డాడు. రాడ్డు అక్కడే పడేసి నాయన చర్నాకోల తీసుకున్నాడు. అమ్మ అన్న దగ్గరికి పోబోతే మధ్యలో నిలబడ్డాడు.

"నేనెక్కను. బండికి నా బరువు అక్కర్లే" అంది అమ్మ. ఆయనకు ఎదురు చెప్పడం నేను విన్నది అదే మొదలు.

"బండికి గాదే. నేను ఎక్కమన్నా గాబట్టి ఎక్కాల."

ఆ మాట విన్నాక నాకు అంతా తెలిసిపోయింది. నది దాకా పోయి ఏరిన రాళ్ళు, ఇనుము, పద్దెనిమిది రోజులు పోసిన నీళ్ళు, కాటా మీద నిలబడ్డ అమ్మ, ఏవీ లెక్కలోకి రావు. మేము చక్రం జారకుండా చేశాం, ఆయనకు కావలసింది అది కాదు. మొదటి దెబ్బ అమ్మ మెడ మీద పడింది, రెండోది చెవి మీద. ఆమె కదల్లేదు. మూడో దెబ్బకు ఆమె పెదవి చీలింది. అప్పటికీ ఎక్కకపోయేసరికి జుట్టు చేతికి చుట్టుకుని బండి దగ్గరికి ఈడ్చాడు. చక్రం మీదుగా ఆమెను పైకి నెడుతూ, కుడి చెయ్యి మడ్గార్డు అంచు మీద ఆనించి బలం తీసుకుంటున్నాడు. రాడ్డు నా కాళ్ళ దగ్గర ఉంది. తీశాను. నాకు భయం లేదు, జాలి లేదు, కూతురినన్న ధ్యాస కూడా లేదు. ఆ చేతిని మాత్రమే చూశాను. మణికట్టు పైన, రేకుకూ రాడ్డుకూ మధ్య పడేటట్టు, రెండు చేతులతో ఎత్తి కొట్టాను. ఎముక నలిగింది. అది నా చేతుల్లోకి తెలిసింది. ఆయన అమ్మను వదిలి తన చేతి వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. మళ్ళీ ఎత్తాను. ఈసారి తల మీద కొట్టేదాన్ని, అబద్ధం ఎందుకు చెప్పాలి. అమ్మ నా నడుము పట్టుకుని వెనక్కి లాగింది. నాయన సాలులో కూర్చుండిపోయాడు. అమ్మే పోయి, ఆయన రోజూ లాగడం చూసిన పుల్ల లాగి ఇంజను ఆపింది. తన చీర అంచు చించి ముందు అన్న చేతిని మెడకు కట్టింది. ఇంకో ముక్క చించి నాయనకు కట్టింది.

పక్కూరి డ్రైవరొకడు వచ్చి, పదును పోకముందే, ఒక్కడే కూర్చుని మా చేను దున్ని పోయాడు. అమ్మ మళ్ళీ ఆ బండి ఎక్కలేదు. ఎక్కమని ఆయన మళ్ళీ అడగలేదు. భుజం కుదురుకున్నాక అన్న ఊళ్ళోకి తర్వాత వచ్చిన మరి రెండు ట్రాక్టర్లకు అట్లాంటి బిళ్ళలే పోసి ఇచ్చాడు, ఆ ఇళ్ళ ఆడవాళ్ళూ మడ్గార్డులు దిగారు. నన్ను ఆ ఏడే మార్కాపురంలో మా పిన్నమ్మ ఇంటికి పంపించారు. అక్కడే చదివి టీచరునయ్యాను. నాయన బతికినన్నాళ్ళూ నాతో మాట్లాడలేదు. పండక్కి పోయినప్పుడు రెండు రోజులు ఉండేదాన్ని. ఆయన వసారాలో మంచం మీద కూర్చుని ఉండేవాడు, అమ్మ ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. అది చూసి నేను లోలోపల సంతోషించేదాన్ని. ఓడిపోయాడు అనుకునేదాన్ని. స్టాఫ్‌రూములో తోటి టీచర్లు మొగుళ్ళ చేతుల గురించి గుసగుసగా చెప్పుకున్నప్పుడు, ఒక్కసారి తిరగబడి చూడండి, మా ఇంట్లో ఒక్క దెబ్బతో అంతా అయిపోయింది అని గొప్పగా చెప్పేదాన్ని. ఎంతమందికి చెప్పానో.

ఇప్పుడు మా ఊరి చేలలో తిరిగే ట్రాక్టర్లకు కంపెనీ నుంచే ఇనుప బరువులు వస్తున్నాయి. డ్రైవరు పాటలు పెట్టుకుని ఒక్కడే కూర్చుని దున్నుకుంటూ పోతాడు. గుంటక మీద నిలబడటం వచ్చా అని ఏ పిల్లనూ ఎవరూ అడగరు. చీరలు చక్రాల్లో పడటం లేదు. అది మంచిదే, నేను కాదనను. కానీ మొన్న బస్సులో నా పక్కన కూర్చున్న ఒక పిల్ల, మెడలో కొత్త పుస్తెలతాడు, చేతిలో మంచి ఫోను, మెడ మీద పౌడరు మందంగా రాసుకుంది. పౌడరు కింద ఏముందో నాకు ఒక్క చూపుకే తెలిసింది. పలకరిస్తే కిటికీ వైపు తిరిగింది. దిగేదాకా ఆమె మెడ వైపే చూస్తూ కూర్చున్నాను.

నాయన పోయాక, పెద్దకర్మ అయిన మర్నాడు, అమ్మా నేనూ వసారాలో కూర్చుని కందిపప్పు ఏరుతున్నాం. అమ్మ మొహం తేటగా ఉంది. నేను ఊరుకోకుండా, ఆ రోజు నేను ఆ చెయ్యి విరగ్గొట్టబట్టే గదమ్మా ఈ పదిహేనేళ్ళూ నువ్వు సుఖంగా ఉన్నావు అన్నాను. ఆమె రాయి ఏరి పక్కన పెట్టింది.

"ఆ చెయ్యి మళ్ళా సరిగ్గా లేయలేదు పాపా. ముద్ద నోటిదాకా పోయేది గాదు. అందుకే నేను పెట్టినా" అంది. చేటను ఒకసారి చెరిగింది. "కొట్టేది మాత్రం ఎడం చేత్తో నేర్చుకున్నాడు."

 అన్నకు తెలుసా అని అడిగాను. ఒకే ఇంట్లో ఉంటే తెలియకుండా ఎట్ల ఉంటుంది, వాడు ఎన్నిసార్లు అడ్డం పడ్డాడో, నీకు చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నా అంది. నాకు ఎందుకు చెప్పలేదు అని అరిచాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు.

"చెప్తే వచ్చి అది గూడా ఇరగ్గొడ్తావని" అంది అమ్మ.

నిజమే. విరగ్గొట్టేదాన్నే.